ఆషాఢం సేలు, శ్రావణం చీర

శ్రీకాకుళం,
5 జులై 2020, ఆదివారం.

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు జాగ్రత్తగా ఉన్నావని తలుస్తాను.

మొన్న ఫోన్లో "ఈ కరోనా రోజుల్లో మూడు చీరలు, ఆన్‌లైన్‌లో కుర్తాలు కొనుక్కుంటే తప్పా అమ్మా" అన్నావు. ఊఁ అనో ఊహూఁ అనో చెప్పేసి పెట్టేసే మాట కాదది. అందుకే తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను. ఓపిగ్గా చదువు.

ఏది అవసరం, ఏది కాదు అని గీత గీయడం ప్రభుత్వానికే అంత సులువు కాలేదు. లాక్‌డౌన్‌లో ఏప్రిల్ 20 నుంచి ఆన్‌లైన్‌లో అన్ని సరుకులూ పంపొచ్చన్నారు. తీరా 19వ తేదీన, కాదు, నిత్యావసరాలే పంపాలన్నారు. మే 4 నుంచి, కేసులు తక్కువున్న గ్రీన్, ఆరెంజ్ జోన్లలో బట్టలకీ తలుపు తీశారు. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం ఉందే, అందులో పత్తి నూలు చిలపలు, అంటే దారం చుట్టలు, ఉన్నాయి. ఆ చిలపతో నేసిన చీర మాత్రం లేదు. నూలు అవసరమట, నేత కాదట! మార్చి 13న మాస్కుల్ని కూడా అందులో చేర్చారు, జూన్ 30 వరకూ గడువు పెట్టి. కాబట్టి చట్టాన్ని చూసి నీ బీరువా గురించి తేల్చుకోలేవు. నేనైతే రెండే చూస్తాను. ఆ గుడ్డ నీ చేతికి రావడానికి ఎవరు ఎవరికి ఎంత దగ్గరగా నిలబడాలి? ఇచ్చిన డబ్బు ఎవరింటికి చేరుతుంది? ఈ రెండూ అడిగి చూడు, నీ జాబితాలో సగం దానంతటదే రాలిపోతుంది.

ముందు రాలేది ఆషాఢం సేలు. ముహూర్తాలుండవు కాబట్టి, దసరా, సంక్రాంతుల నుంచి మిగిలిపోయిన సరుకు తీసేసి శ్రావణానికి చోటు చేసుకోవడానికి పెట్టే సేలు అది. మామూలు రోజుల్లో దానితో పేచీ లేదు. ఇప్పుడు చూడు, చీరల కౌంటరు అంటే రెండు, రెండున్నర అడుగుల బల్ల. మనల్ని ఉండమంటున్నది ఆరడుగుల దూరం. చీర చూపించే అబ్బాయి కుచ్చిళ్లు విదిల్చి, పైట భుజం మీద వేసి, అంచు నీ కళ్ల ముందు పెట్టాలి. ఒకరికి ఇరవై చీరలు విప్పితే గానీ ఒకటి అమ్ముడుపోదు. ఏసీ కోసం తలుపులన్నీ మూసి ఉంటాయి. ఒకే ఊపిరి గదంతా తిరుగుతుంది. నువ్వు అరగంటలో బయటపడతావు. ఆ అబ్బాయి పొద్దున్నించి రాత్రి దాకా అక్కడే ఉంటాడు, సాయంత్రం ఇంట్లో ముసలి తల్లి దగ్గరికి పోతాడు. యాభై శాతం తగ్గింపు ఎవరి నెత్తిన పడుతోందో చూసుకో.

పైగా సేలు చీరలో మోసం ఎక్కడుంటుందంటే మడతలో. ఏడాదిగా అరలో పడున్న చీరకి పై మడత మీద దీపం వెలుగు పడి, పొడుగునా వెలిసిన గీత ఉంటుంది. కౌంటరు మీద అది కనబడదు, ఇంటికొచ్చి ఎండలో పరిచాక కనబడుతుంది. చాలా కొట్లలో ఇప్పుడు ట్రయల్ రూములు మూసేశారు, మార్పిడి లేదని బోర్డులు పెట్టారు. తిరిగి ఇవ్వలేని వస్తువుని తొందరలో కొనడం మామూలు రోజుల్లోనే తెలివితక్కువ.

ఇక నీ ఆన్‌లైన్ కుర్తాలు. వీడియో కాల్‌లో కనబడేది మెడ నుంచి భుజాల దాకా. పైన కొత్త కుర్తా, కింద నైటు ప్యాంటు! సరే, కొనుక్కోవద్దని అనను. సైజు సరిచూసుకుని కొనుక్కో. సైజు తప్పితే ఒక కుర్తా కోసం డెలివరీ కుర్రాడు నీ గుమ్మం మూడుసార్లు ఎక్కాలి. ఇవ్వడానికి ఒకసారి, వెనక్కి తీసుకోవడానికి ఒకసారి, మారుది తేవడానికి ఇంకోసారి. 38 అని రాసి ఉంటే అది ఒంటి కొలతో గుడ్డ కొలతో ముందు చూడు, అక్కడే అందరూ పొరబడతారు. నీకు బాగా పట్టే కుర్తా ఒకటి నేల మీద సాపుగా పరిచి, ఒక చంక కింద నుంచి రెండో చంక కింద దాకా టేపుతో కొలువు, దాన్ని రెండింతలు చెయ్యి. వాళ్ల పట్టికలో గుడ్డ కొలతని దీనితో పోల్చు. ఒంటి కొలత మాత్రమే ఇచ్చి ఉంటే, కుర్తాకి మూడు నాలుగు అంగుళాల వదులు ఉంటుందని లెక్క వేసుకో. నేసిన కాటన్‌కి ఈ లెక్క. సాగే బనీను గుడ్డకి ఇది పనికిరాదు.

పార్సిల్ వస్తే గుమ్మంలో పెట్టి వెళ్లమను. అట్టపెట్టె మీద 24 గంటల దాకా, ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా వైరస్ జాడ దొరికిందని మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగశాల లెక్క చెప్పారు. ఆ పరీక్షలో గుడ్డ లేదు. నీకేమీ తొందర లేదు కదా, మూడు రోజులు మూల పడెయ్యి, తర్వాత విప్పి, కవరు పారేసి, చేతులు సబ్బుతో కడుక్కో. అంతే. గుడ్డ మీద శానిటైజరు చల్లకు, రంగు మచ్చలు పడుతుంది. బ్లీచింగ్ నీళ్లు పట్టు మీద పడ్డాయో, పోగే తినేస్తుంది, జరీ నల్లబడుతుంది. కాటన్‌కి సబ్బు నీళ్లు, మంచి ఎండ చాలు. కొత్తదాన్ని మొదటి రెండు మూడుసార్లు విడిగా చన్నీళ్లలో జాడించు. అంతకుముందు లోపలి అంచు మీద తడి తెల్లగుడ్డతో రుద్ది చూడు, గుడ్డకి రంగంటితే మిగతా బట్టలతో కలపకు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు అడిగిన మూడు చీరల్లో రెండు నీ బీరువాలోనే ఉన్నాయేమో చూడు. చీరలన్నీ మంచం మీద పోసి, ఈ ఏడాది కట్టినవి, జాకెట్టు పట్టక వదిలేసినవి, నచ్చక వదిలేసినవి అని విడదియ్యి. రెండో కుప్పే పెద్దదవుతుంది, చూస్తూ ఉండు. చీర ఎవరికీ బిగుతవదు, జాకెట్టే అవుతుంది. దానికి కొత్త చీర మందు కాదు.

జాకెట్టు తిరగెయ్యి. మన దగ్గర కుట్టేవాళ్లు పక్కల్లో గుడ్డ వదిలి, రెండు మూడు వరసల కుట్టు వేస్తారు, వదులు చేసుకోవడానికే. ఒంటి వైపున్న వరస ఒక్కటి విప్పాలి. వరసకీ వరసకీ మధ్య పావు అంగుళం ఉంటే, రెండు పక్కలా ముందు గుడ్డ, వెనక గుడ్డ కలిసి చుట్టుకొలతలో అంగుళం వస్తుంది. రెండో వరస కూడా విప్పితే ఇంకో అంగుళం. విప్పే ముందు ఆగాల్సిన వరసని గోటితో లాగి చూడు. పాత దారం పుచ్చిపోయి ఉంటే ముందు దాని మీద కొత్త కుట్టు వేయించి, తర్వాతే లోపలిది విప్పు. దారం పట్టుకుని బరబరా లాగావంటే గుడ్డ చిరుగుతుంది. ఒక వైపు నాలుగైదు కుట్లకొకటి చొప్పున కత్తిరించి, రెండో వైపు దారం లాగు, పాములా వచ్చేస్తుంది. చేతి చివర నుంచి చంక మీదుగా నడుం దాకా ఒకే వరసగా విప్పాలి. చాలామంది చంక దగ్గర ఆపేస్తారు. అప్పుడు చెయ్యి ఎత్తినప్పుడల్లా అక్కడ పట్టేసి, పక్క కుట్టు పిగులుతుంది. కాటన్ మీద పాత సూది చిల్లులు ఉతికి తడి ఇస్త్రీ చేస్తే పూడుకుంటాయి. పట్టు మీద ఉండిపోతాయి, చంక కింద కాబట్టి పరవాలేదు.

పట్టుచీరలు ఎలాగూ బయటికి తీస్తావు కాబట్టి మడతలు మార్చేసెయ్యి. ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటే అక్కడ పట్టు చిట్లుతుంది. ప్లాస్టిక్ కవర్లు తీసేసి పాత ముతక పంచెలో చుట్టు. ఈ వానల్లో కవరు లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కలరా ఉండలు జరీకి తగలనీయకు. నీడన ఎండబెట్టిన వేపాకు గుడ్డమూట కట్టి మూల పెడితే చాలు.

మూడో చీర కొను. అది చేతి వడుకు ఖాదీకి పేరున్న మన పొందూరు నుంచి తెప్పిద్దాం. ఎందుకంటే కొట్టుకి రెండు నెలలు ఆగే ఓపిక ఉంటుంది, రాట్నం దగ్గర కూర్చున్న మనిషికి ఉండదు. కొండపత్తిని గింజతోనే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల వరస చెత్తని వదిలించి, దూది పోగులన్నీ ఒకే వైపు తిప్పుతుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, మెత్తదనం పోకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అప్పుడు వడుకు. నూరో నంబరు నూలు అంటే ఏటో తెలుసా? ఒక పౌను దూదిలోంచి, అంటే సుమారు 454 గ్రాముల్లోంచి, 840 గజాల చిలపలు నూరు రావాలి. 84,000 గజాల దారం! ఆడవాళ్ల వేళ్ల మధ్య నుంచి, ఒంటి కదురు మీద. ఈ పనికి గుంపు అక్కర్లేదు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేస్తారు. ఆగిందల్లా కొనేవాళ్లే. అక్టోబరులో గాంధీ జయంతికి రిబేటు వస్తుంది కదా అని ఆగకు, ఈసారి రిబేటు వదులుకో.

అక్కడి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వాళ్లు ముందు డబ్బు కడితే పోస్టులో పంపుతారేమో కనుక్కుందాం. పొందూరు అని చీటీ అంటించి ఆన్‌లైన్‌లో అమ్మేవన్నీ పొందూరువి కావు. చీర వచ్చాక వెలుగుకి ఎత్తి చూడు. చేతి వడుకు దారం ఒకచోట సన్నగా, ఒకచోట పిసరంత లావుగా ఉంటుంది. గీసినట్టు సమంగా ఉంటే మిల్లు నూలు. కొంగు చివర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చు. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. కరిగి గట్టి ఉండ కట్టిందంటే పాలిస్టరు కలిసినట్టే.

జాకెట్టు గుడ్డ 80 సెంటీమీటర్లకి బదులు 90 తీసుకుందాం, ఖాదీ తడిస్తే లాక్కుంటుంది. గుడ్డ, లైనింగు, ఫాల్ మూడూ కత్తెర పడక ముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరెయ్యాలి. ఫాల్ తడపకుండా కుట్టేస్తే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి, చీర అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది. చీరది తప్పని అందరూ చీరనే తిడతారు.

కుట్టు పని ఇక్కడే ఇద్దాం. జూన్లో బడి యూనిఫారాల మీద వచ్చే డబ్బే మన వీధి టైలర్లకి ఏడాదికి ఆసరా. ఈసారి బళ్లు తెరవలేదు. కొలతలు టేపుతో తీయించుకోవడం ఇప్పుడు వద్దు, మెడకీ చంకకీ టేపు చుట్టాలంటే మొహం మీద మొహం పెట్టాలి. ఆది జాకెట్టు ఇస్తే సరిపోతుంది.

శ్రావణంలో మామయ్య గారింట పెళ్లికి యాభై మందికి మించకూడదని నిబంధన. దాంతో పెట్టుబడి చీరల బాధ తగ్గింది, ఆ మేరకు కరోనాకి దణ్ణం పెట్టాలి! డజన్ల లెక్కన కొని, ఎవరూ కట్టక, మళ్లీ ఇంకో పెళ్లిలో ఇంకొకరికి పెట్టే చీరలవి. వరలక్ష్మీ వ్రతం తాంబూలంలో తిరిగే రవికె గుడ్డలూ అంతే, ఒక గుడ్డ ఎన్ని ఇళ్లు తిరిగిందో దానికే తెలియాలి. 31న వ్రతానికి పేరంటం పిలవకు. నీ దగ్గర పోగైన రవికె గుడ్డల్లో కాటన్‌వి ఏరి, ఉప్పు నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి ఆరేసి, పెద్దవాళ్లకి తొమ్మిది బై ఏడు అంగుళాలు, పిల్లలకి ఏడు బై అయిదు అంగుళాల కొలతకి రెండు పొరలుగా మాస్కులు కుట్టు. ప్రభుత్వం వాళ్లు చెప్పిన కొలతే అది. చీరకి మ్యాచింగని జరీ మాస్కులు అమ్ముతున్నారట, వాటి జోలికి పోకు. జరీ బుగ్గ గీరుతుంది, ఒంటి పొరదైతే రెండు పొరలంత ఆపదు.

ఆది జాకెట్టు గురువారం లోపు స్పీడ్ పోస్టులో వేసెయ్యి. ఉతికి ఇస్త్రీ చేసినది పంపు, ఇప్పుడు నీకు పడుతున్నదే పంపు, నచ్చినది కాదు. చెయ్యి పొడుగు అర అంగుళం పెంచాలన్నా, మెడ దించాలన్నా ఆ చోటే చీటీ రాసి పిన్ను పెట్టు. ఫోన్లో చెబితే గుర్తుండదు. హుక్కులు ముందుకో వెనక్కో మర్చిపోకుండా రాయి.

ఉంటాను,
అమ్మ