టీ పైపు పెట్టడం మేస్త్రీకి ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు,

మాల్దీవుల్లో నేల సముద్ర మట్టానికి సగటున మీటరున్నర ఎత్తు, అంతే. ఇసుక కింద ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీటి పొరే అక్కడి బావులకు ఆధారం. సెప్టిక్ గుంతలోంచి ఊరిన నీరు దాంట్లోకే పోతుంది. పసిఫిక్‌లోని తువాలు, కిరిబాటిలదీ ఇదే అవస్థ. పంపు చెడితే విడిభాగం ఓడలో రావాలి, పని తెలిసిన ఆపరేటరు ఊరు వదిలితే మురుగు శుద్ధి ప్లాంటు మూలపడుతుంది. అందుకే చిన్న దీవుల్లో మురుగునీటి శిక్షణ ఇంజినీర్ల దగ్గరే ఆగితే లాభం లేదు. గుంత కట్టే మేస్త్రీకీ, తోడే లారీ డ్రైవరుకూ, హోటల్ ప్లంబరుకూ పని చేతికి రావాలి.

విడిభాగానికి మనకు ఓడతో పని లేదు, చెన్నై మూడు నాలుగు గంటల దారి. నేర్పడమే మరిచాం.

తిరుపతి శివారు కాలనీల్లో, చిత్తూరులో కొత్త ఇళ్ల ట్యాంకులు చూడండి. ఐదుగురున్న ఇంటికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, నీటి లోతు మీటరు చాలని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతోంది. మన మేస్త్రీలు అంతకన్నా పెద్దవే కడతారు. తప్పు సైజులో లేదు, పైపుల్లో ఉంది. వచ్చే పైపుకూ పోయే పైపుకూ టీ (ఇంగ్లీషు T ఆకారపు పైపు ముక్క) పెట్టరు. టీ కింది కాలు నీళ్లలో అడుగు లోతు మునగాలి, పోయే పైపు వచ్చే పైపుకన్నా రెండంగుళాలు దిగువన ఉండాలి. లేకుంటే పైన కట్టిన తెట్టు బయటికి కొట్టుకుపోయి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. గుంత పొంగగానే ఇంటాయన పైపును వీధి కాల్వలోకి తిప్పేస్తాడు. స్వర్ణముఖికీ నీవాకూ మురుగు చేరే దారుల్లో ఇదొకటి. ఆ టీ ముక్క ఖరీదు సిమెంటు బస్తా అంత కూడా ఉండదు!

ఇక తోడించడం. పొంగితే గానీ లారీని పిలవం. రెండు మూడేళ్లకోసారి చూడాలి. పొడవాటి కర్ర కింది భాగానికి తెల్లగుడ్డ చుట్టి, ట్యాంకు అడుగు తగిలేదాకా దించి, కాసేపు ఉంచి మెల్లగా తీస్తే మడ్డి ఎంత ఎత్తుందో గుడ్డమీద నల్లగా తెలుస్తుంది. మడ్డీ తెట్టూ కలిపి సగం లోతు దాటితే తోడించాలి. అడుగున కొంచెం మడ్డి వదలాలి, మళ్లీ కుళ్లడానికి అదే తోడు. ఫినాయిలు పోసి కడగకూడదు. మనిషి అస్సలు దిగకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని గుంతలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించిందన్న మాట అటుంచితే, గుంతలో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైనప్పుడు ముక్కుకు వాసనే తెలియదు. వాసన రావట్లేదు కదా అని దిగినవాళ్లే పోతుంటారు.

తిరుమల కూడా నీటి లెక్కలో ఒక దీవే. ఊళ్లో ఉండేవాళ్లు కొద్దిమంది, వచ్చిపోయేవాళ్లు రోజుకు పదుల వేలు. దిగువ తిరుపతి లాడ్జీల శుద్ధి ప్లాంట్లకూ బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి అంటే ఒక్కసారిగా భారం. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రంతా ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయరు ఆపేస్తే గాలి అందక మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు చస్తాయి, తెల్లారేసరికి నీరు నల్లబడి కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గాలి పట్టే ట్యాంకులోంచి లీటరు నీరు గాజు జాడీలోకి తీసి అరగంట కదపకుండా పెట్టండి. గోధుమరంగు మడ్డి (ఆ సూక్ష్మజీవుల గుంపే) 250-300 మిల్లీలీటర్ల దగ్గర కూర్చుని పైన నీరు తేటగా ఉంటే బాగున్నట్టే. 600 దగ్గరే ఆగితే మడ్డి ఎక్కువై పేరుకుందో, సరిగ్గా కూర్చోలేక ఉబ్బిందో తేల్చాలి. పేరుకుంటే కొంత తీసేయాలి. ఉబ్బితే ముందు గాలి సరిపోతోందా, వంటగది నూనె దాన్ని ఆపే తొట్టి (గ్రీజు ట్రాప్) దాటి వస్తోందా చూడాలి. ఈ అంకె రోజూ ఒకే వేళకు నోటుబుక్కులో రాయాలి. ఆపరేటరు మారినా పుస్తకం ప్లాంటులోనే ఉంటుంది.

నగరపాలక సంస్థలకు మా విన్నపం: ఈ శిక్షణ హోటల్ హాల్లో పెట్టొద్దు. మేస్త్రీలకు కడుతున్న ట్యాంకు దగ్గర, డ్రైవర్లకు లారీ దగ్గర, లాడ్జీ సిబ్బందికి వాళ్ల ప్లాంటు దగ్గరే, పూట చొప్పున పెట్టండి. కూలీ పోగొట్టుకుని ఎవరూ రారు కాబట్టి ఆ పూట కూలీ ఇవ్వండి. వార్డు శానిటేషన్ కార్యదర్శి చేతికి ఆ కర్రా తెల్లగుడ్డా కూడా ఇవ్వండి.

— మురుగునీటి శుద్ధి పనిలో ఉన్న కొందరు ఇంజినీర్లు, ఆపరేటర్లు, తిరుపతి