నమూనా ఫ్లాట్ వేరు, చేతికొచ్చే ఫ్లాట్ వేరు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో నిర్మాణంలో ఉన్న ఫ్లాట్లు కొంటున్న మన తెలుగువారు చదరపు అడుగు ధర దగ్గర గట్టిగానే బేరమాడతారు గానీ, ఆ తర్వాత వరసగా వచ్చిపడే అదనపు పనుల ఖర్చును ముందుగా లెక్క వేసుకోరు. నమూనా ఫ్లాట్‌లో మురిపించే పెద్ద టైల్స్, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ చాలాచోట్ల ధరలో కలిసి ఉండవు. ఒప్పుకున్న ఫిట్టింగులను, సదుపాయాలను కొనుగోలుదారు సమ్మతి లేకుండా మార్చరాదని 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ చెబుతోంది కనుక, టైల్ సైజుతో సహా అన్నీ ఒప్పందంలో రాయించుకోవడం మేలు. సేల్స్ కుర్రాడి నోటిమాట అక్కరకు రాదు. బడ్జెట్ చాలనప్పుడు వార్డ్‌రోబ్‌లు ఆగవచ్చు, కానీ ఏసీ, ఇన్వర్టర్, గీజర్ల వైరింగ్ ప్లాస్టరింగుకు ముందే పూర్తి కావాలి. నమూనా ఫ్లాట్‌లో ధరలో కలవని ప్రతి వస్తువుపైనా ఆ సంగతి చీటీ రాసి అంటించేలా ఆ చట్టాన్ని అమలుచేసే కర్ణాటక రెరా సంస్థ ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు