నువ్వు రాని ఐతారం

ప్రియమైన బిడ్డకు,

దేవరకొండ నుంచి అమ్మ రాసేది. ప్రభువు కృపలో ఇక్కడ అందరం మంచిగున్నం. నువ్వు కూడా అట్లనే ఉన్నవని తలుస్తున్న.

నువ్వు మొన్న అడిగిన మాటకు ఫోన్‌లో జవాబు చెప్తే సగంలనే ఆగిపోతది. అందుకే కాగితం మీద పెడుతున్న. జడ్చర్ల పక్కన పోలేపల్లి కంపెనీలో షిఫ్టులు మారుతుంటయి, వారం సెలవు ఐతారం నాడు పడదు, హాస్టల్‌లో మంచం మీద కూర్చొని ఫోన్‌లో ఆరాధన చూస్తే వాక్యం అందుతనే ఉంది కదా, ఇంక జడ్చర్లలో సంఘంలో చేరుడు ఎందుకు అన్నవు. వాక్యం అందుతది బిడ్డా, కాదనను. కాని నీకు జ్వరమొచ్చి మూడు వారాలు ఆ ఫోన్ తెరవకపోతే అటుపక్కన ఒక్కరికి తెల్వదు. నువ్వు రాని ఐతారం నాడు ‘ఆ పిల్ల ఏదమ్మా’ అని ఒక్కరన్నా అడిగే చోటునే నేను సంఘం అంటున్న.

సంఘం అన్న మాటకు గ్రీకు మూలంలో ఉన్నది ‘ఎక్లేసియా’. అంటే కూడివచ్చిన జనం. గోడలకు, పైకప్పుకు ఆ పేరు తర్వాతెప్పుడో అంటుకుంది. సహవాసం అన్న చోట ఉన్న మాట ‘కొయినోనియా’, అంటే పాలు పంచుకొనుడు. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా గురించి రోమీయులకు రాసినప్పుడు పౌలు వాడింది కూడ ఇదే మాట. సహవాసం అంటే పక్కపక్కన కూర్చొని పాటలు పాడుకొనుడే అయితే ఆ మాట పైసలకు ఎట్ల వాడుతడు? అపొస్తలుల కార్యములు 2:42లో మొదటి సంఘం విడువకుండా చేసినవి నాలుగు ఉన్నయి: బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. బోధ ఒక్కటి ఫోన్‌లకు ఎక్కింది. ప్రార్థన కొంత ఎక్కుతది. మిగిలినవాటికి మనిషి కావాలె, మనిషి పక్కన ఇంకో మనిషి కావాలె. ఒకరి భారం ఒకరు మోయుడు, క్షమించుకొనుడు, ఆతిథ్యం ఇచ్చుడు, తప్పు ఒప్పుకొనుడు, ఇవి ఒంటరిగ కూర్చొని చేసే పనులు కావు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు పాతిక మంది దాకా పేరు పేరున వందనాలు చెప్తడు, ఒకామె తనకు కూడ తల్లి అంటడు. పేర్ల పట్టికే కదా అని చదవకుండ దాటిపోతం. సంఘం ఎట్ల ఉండేదో తెలిసేది అక్కడనే.

ఇప్పుడు నీ పని. మన నల్లగొండ, పాలమూరు పాత జిల్లాలు రెండిట్ల రకరకాల సంఘాలున్నయి. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో బాప్టిస్టు మిషను పని మొదలుపెట్టిండు, ఆయన రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ అనే ప్రొటెస్టంట్ శాఖ మనిషి. తర్వాత మెన్నొనైట్ బ్రదరెన్ మిషను దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల దిక్కు పాతుకుంది. 1947లో ఏర్పడ్డ సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం ఉంది. నల్లగొండ కేంద్రంగా 1976 నుంచి కతోలిక మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింది ప్రాంతం ఉంది. ఈ మధ్య లేచిన స్వతంత్ర సంఘాలయితే గల్లీకొకటి. కతోలికులకు ఇల్లు ఏ విచారణ (పారిష్) కిందికి వస్తే అదే వాళ్ళ గుడి. మనకు అట్ల కాదు, ఎంచుకోవాలె, ఎంచుకున్నంక చేరాలె. మనం మెన్నొనైట్ బ్రదరెన్ సంఘపోళ్ళం, నీకు ముంచే బాప్తిస్మం అయ్యింది కనుక జడ్చర్లలోని మన సంఘంలో అడ్డేమీ ఉండదు. ఇక్కడి అయ్యగారి (సంఘకాపరి) దగ్గర నేను తీసుకున్న సభ్యత్వ బదిలీ ఉత్తరం పట్టుకొని పోతే చాలు. అందులో నీ పేరు, బాప్తిస్మం తేదీ, ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకొనుడులో) పాలుపొందుతున్నదన్న మాట, సంఘం ముద్ర, సంతకం ఉంటయి.

నడిచి పోయేటంత దగ్గర ఉన్న సంఘమే చూసుకో. పాటలు బాగున్నయని షాద్‌నగర్ దాకా బస్సులో పోతే మూడో నెలకు అలుపొస్తది, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన పొద్దున అసలే పోబుద్ధి కాదు. మందిరం మరీ పెద్దది వద్దు. వెయ్యి మంది కూడే చోట చేరితే తప్పని కాదు, కాని అక్కడ నీ పేరు తెలవాలంటే చిన్న గృహ కూడికలో చేరితీరాలె. మొదటి నాలుగు వారాలు ఊకెనే చూడు. కానుక లెక్క సంఘం ముందు చదువుతరా? కానుక లెక్కపెట్టేది చుట్టరికం లేని ఇద్దరేనా, అదే రోజు పుస్తకంలో ఎక్కించి సంతకాలు చేస్తరా? సంఘకాపరి ఇంటోళ్ళే కోశాధికారులైతే వాళ్ళు ఎంత మంచోళ్ళయినా ఏదో ఒకనాడు అనుమానం పుడతది, అనుమానం పుట్టినంక నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. కొరింథు చందా విషయంలో పౌలు ఒక్కడే పైసలు పట్టుకొని పోలేదు, ఎవరూ వేలెత్తి చూపకుండ సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పెట్టుకున్నడు. ఇంకోటి. జీతం చీటీ చూపించమనే చోట, ఇంటోళ్ళతో మాట్లాడుడు తగ్గించుకోమనే చోట, తలుపు మూసి ఆడపిల్లకు ఒక్కదానికే కౌన్సెలింగ్ ఇచ్చే చోట ఒక్క పూట కూడ ఆగకు.

అన్నిటికంటె ముందు భోజనం కాడ చూడు బిడ్డా. సంఘం గుట్టు బయటపడేది పంక్తిలోనే. కొరింథులో ఏమైంది? ఉన్నోళ్ళు ముందుగాల వచ్చి తెచ్చుకున్నది తిని తాగేటోళ్ళు, కూలికి పోయి పొద్దు గుంకినంక వచ్చినోళ్ళు ఆకలితో నిలబడేటోళ్ళు. అది ప్రభువు రాత్రి భోజనమే కాదన్నడు పౌలు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండి అన్నడు, అంటే రానోళ్ళ కోసం ఆగండి అని. మన పాలమూరు, నల్లగొండ ఊర్లలో ఆ జబ్బు ఇంకో రూపంలో ఉంది. మాల సంఘం, మాదిగ సంఘం అని మందిరాలే వేరయిన ఊర్లున్నయి. ఒకే మందిరమైనా ఈ పక్క వరుస వాళ్ళది, ఆ పక్క వరుస వీళ్ళది అన్నట్టు కూర్చునే చోట్లున్నయి. వంట ఎవరి చేతుల మీద అయితే ఎవరు తినకుండ పోతున్నరో చూడు. నీళ్ళ డ్రమ్ము మీద ఒకే గ్లాసు ఉందా, ఎవరన్నా సంచిలకెల్లి సొంత గ్లాసు తీస్తున్నరా చూడు. ప్రభు బల్ల కాడ ఒకే రొట్టె విరిచి, బయట చాపలు వేరేగ పరిస్తే ఆ రొట్టెకు అర్థం ఏముంటది? అట్ల కనపడితే వెంటనే సంఘం మార్చకు. నువ్వు పోయి ఆ రెండో చాప మీద కూర్చొని తిను. నాలుగు వారాలు తిన్నంక పెద్దలతో నెమ్మదిగ మాట ఎత్తు. అప్పటికీ వాళ్ళు అది తప్పే కాదంటే అప్పుడు ఆలోచించు.

అపొస్తలుల కార్యములు 6లో కూడ తగాద తిండి కాడనే వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్లకు రోజూ పంచే దాంట్లో అన్యాయం జరుగుతున్నదని సణుగుడు మొదలైంది. సంఘం ఏడుగురిని ఏర్పరచుకుంది. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడుకు ఏడూ గ్రీకు పేర్లే. గంటె ఎవరి చేతికి ఇచ్చిన్రో చూసినవా? సంఘం పెద్దతనం అది.

నువ్వు చేరినంక ఊరికె వచ్చి పోయేదానివి కాకు. ఒక పని పట్టు, నువ్వు రాకపోతే ఆగిపోయే పని. బీద ఇండ్ల కోసం ఇంటింటా తీసిపెట్టే పిడికెడు బియ్యం లెక్క రాసే పని దొరికితే వదలకు, సంఘంలో ఎవరి పొయ్యి ఎట్ల మండుతుందో దాంతోనే తెలుస్తది. పిడికిలికి 40 నుంచి 50 గ్రాములు పడతది. రెండు పూటలు ఎసరు పెట్టే ముందు తీస్తే నెలకు ఇంటికి రెండున్నర నుంచి మూడు కిలోలు. 20 ఇండ్లు తీస్తే 50 కిలోలు, అంటే అయిదు ఇండ్లకు పదేసి కిలోలు. చెడిపోయేది ఎక్కడంటే, దొడ్డు బియ్యం, సన్న బియ్యం ఒకే సంచిల పోస్తరు. వండితే ఒకటి ఉడికేలోపు ఇంకోటి ముద్దయితది, తీసుకున్నామె నోరు తెరిచి చెప్పలేదు. రెండు సంచులు పెట్టు. నెలకు మించి నిలవ ఉంచకు, పురుగు పడతది. పంచేటప్పుడు స్టేజీ మీదికి పిలిచి ఫోటో తీసుడు మొదలుపెడితే, మానం ఉన్న మనిషి ఆ మరుసటి నెల నుంచి సంఘానికే రాదు. పొద్దు గూకినంక ఇద్దరు పోయి ఇంట్ల పెట్టి రావాలె.

వలస పోయిన ఇండ్లను ఆ పట్టీలో మరువకు. పాలమూరు దిక్కు పనికాలంలో మొగుడు పెండ్లాలు బొంబాయి, పూణె పోతరు, ఇంట్ల ముసలమ్మ, మనుమలు మిగులుతరు. వాళ్ళు కానుక వేస్తలేరని పేరు కొట్టేస్తరు కొన్ని సంఘాలోళ్ళు. అప్పుడే కదా వాళ్ళకు సంఘం కావలసింది. ముసలమ్మకు బీపీ గోళీలు ఉన్నయా, పిల్లలు బడికి పోతున్నరా అని వారానికొకసారి అడిగే మనిషి ఒకరుండాలె.

గృహ కూడికకు ఎనిమిది నుంచి పన్నెండు మంది సరి. గంటంబావులో ముగించాలె. చాయ్, బిస్కట్టుకు మించి ఎవరూ పెట్టొద్దని ముందే కట్టు చేసుకోండి. ఒకరు బగారన్నం, కోడికూర పెట్టిన్రంటే ఆ తర్వాతి వంతు వచ్చే బీద ఇల్లు ‘ఈ నెల మా ఇంట్ల వద్దు’ అంటది, అక్కడికి ఆ కూడిక మెల్లగ ఉన్నోళ్ళ ఇండ్లకే పరిమితమయితది. ప్రార్థన మనవులు ఎవరివి వాళ్ళే చెప్పుకోవాలె. ‘ఫలానా ఆమె కోడలి కోసం ప్రార్థించండి’ అన్నది చాలాసార్లు చాడీకి తొడిగిన తెల్లబట్ట. ఎవరికన్నా రోగమొస్తే వాళ్ళను అడగకుండ వాట్సాప్ గ్రూపులో రోగం పేరు పెట్టొద్దు.

దవాఖానకు పరామర్శకు పోతే పది పదిహేను నిమిషాలు చాలు. డాక్టర్ రౌండ్స్ టైములో పోవద్దు. మంచం మీద కూర్చోవద్దు. ఒక కీర్తన, అదీ చిన్నది, మెల్లగ చదివి చిన్న ప్రార్థన చేసి లేవాలె. ఏ పాపం చేసినవో గుర్తు చేసుకో అనే మాట నోట రానియ్యకు, యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకొని కూర్చున్నప్పుడే మంచి పని చేసిన్రు, నోరు తెరిచినంక చెడగొట్టిన్రు. అందరూ పండ్లే తెస్తరు. అక్కరపడేది రాత్రి పక్కన పడుకునే మనిషి. ఇద్దరిద్దరు వంతు వేసుకొని రాసిపెట్టుకోండి, ఇంటోళ్ళు ఒక రాత్రన్నా కన్ను మూస్తరు.

చావు ఇంట్ల కూడ అంతే. భూస్థాపన నాడు అందరూ ఉంటరు. మూడో దినం అయిపోయినంక పొయ్యి వెలిగించే ఓపిక లేనప్పుడు ఎవరూ ఉండరు. 50 మందికి ఒక పూటకు ఏడు కిలోల బియ్యం, పప్పుచారుకు రెండు కిలోల కందిపప్పు పోస్తే తక్కువ పడదు. ఆ లెక్క తెలిసినామె ఒకామె ఉంటే ఏడ్చే ఇంట్ల ‘ఎంత పొయ్యాలె’ అని అడగవలసిన పని ఉండదు.

మాట పట్టింపు వస్తది, నువ్వు ఎంత మంచిగున్నా వస్తది. మత్తయి 18లో యేసయ్య వరుస చెప్పిండు. మొదట ఒంటరిగ పోయి అతనితోనే మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకపో. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనోళ్ళు దీన్ని తలకిందులు చేస్తరు. ముందు సంఘమంతా చెప్పుకుంటరు, తర్వాత ఇద్దరితో గునుస్తరు, ఆ మనిషి ముఖం మాత్రం చూడరు. కోపం కూడికలు మానుడుగ మారేది ఇట్లనే. కూడుకొనుడు మానేసే అలవాటు హెబ్రీ పత్రిక నాటికే కొందరికి ఉంది, 10వ అధ్యాయంలో ఉంది చూడు. ప్రభు బల్ల ఉన్న వారం ముందు శుక్రవారం లోపల పోయి మాట్లాడు, ఐతారం పొద్దున గుమ్మం కాడ కాదు.

షిఫ్టు సంగతి. రెండో శతాబ్దం నడుమ రోమ్‌లో జస్టిన్ అనే విశ్వాసి ఐతారం కూడిక ఎట్ల జరిగేదో రాసిపెట్టిండు. విరిచిన రొట్టెలో భాగం రాలేనోళ్ళ ఇండ్లకు పరిచారకులు తీసుకపోయేటోళ్ళట. పోగైన కానుక అనాథలకు, విధవరాండ్లకు, రోగులకు, చెరలో ఉన్నోళ్ళకు, పరదేశులకు. రాలేనోళ్ళకు సంఘమే ఎదురుపోవాలన్నది అంత పాత సంగతి. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతో మోకాళ్ళు వంగి గడప దాటలేనోళ్ళకు ప్రభు బల్ల ఇంటికి తీసుకపోతున్న సంఘాలు చేస్తున్నది అదే. నీకు కూడ అడిగే హక్కు ఉంది. నెల షిఫ్టు చార్టు రాంగనే ఫోటో తీసి స్త్రీల సమాజం పెద్దమ్మకు పంపు, ఏ ఐతారం రాలేవో ముందే తెలుస్తది. వారం మధ్య గృహ కూడిక నీ సెలవు రోజు పడేటట్టు అడుగు. నీలెక్కనే షిఫ్టుల మీద ఉన్న పిల్లలు హాస్టళ్ళల్ల ఇంకా ఉండే ఉంటరు. నలుగురు దొరికితే బుధవారమో గురువారమో సాయంత్రం మీరే ఒక కూడిక పెట్టుకోవచ్చు, అయ్యగారికి చెప్పి పెట్టుకోండి, చాటుగ కాదు.

బదిలీ ఉత్తరం ఈ కవరులోనే ఉంది. పర్సులో మడతపెట్టి మరిచిపోకు. ఈ ఐతారం నీకు రాత్రి షిఫ్టు అయిపోతది కదా, పొద్దున కొంచెం పడుకొని పదిన్నరకు పో, నాలుగు వారాలు చూసినంక ఉత్తరం అక్కడి అయ్యగారి చేతికియ్యి. ముందు వరుసలో కాదు, తలుపు పక్కన కూర్చునే ముసలామె ఎవరన్నా ఉంటే ఆమె పక్కన కూర్చో. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు బోధ ఏంది అని అడగను, ఆమె పేరు అడుగుత.

పల్లీల పొడి డబ్బ, రెండు జతల బట్టలు శనివారం కల్వకుర్తి మీదుగ వచ్చే తెలిసినోళ్ళతో పంపుతున్న. పొడి ఎక్కువనే పోసిన, ఇద్దరికి సరిపోతది.

ప్రార్థనలతో,
మీ అమ్మ