పక్క పట్టీ తూకం కూడా ప్రచురించండి

సంపాదకులకు,

మీ వ్యవసాయ పేజీలో ఫలానా జీవన ఎరువు వాడితే దిగుబడి పెరిగిందన్న కథనాలు తరచూ వస్తున్నాయి. దేనితో పోలిస్తే పెరిగిందో మాత్రం రాయరు. నిరుటి పంటతోనా? నిరుటి వాన వేరు. పొరుగు చేనితోనా? ఆ నేల వేరు, విత్తిన తేదీ వేరు.

కొత్తది ఏది వచ్చినా మేము ముందు మా పొలంలోనే పరీక్ష పెడతాం. పొలాన్ని పొడవాటి పట్టీలుగా విడదీసి, ఒకదానికి మందు వేసి, పక్కదాన్ని మామూలుగా వదిలేస్తాం. అలాంటి జతలు నాలుగు. ప్రతి జతలో మందు ఏ పట్టీకి వేయాలో బొమ్మా బొరుసా వేసి తేలుస్తాం. మన ఇష్టానికి వదిలితే కొత్త మందు ఎలాగో మంచి నేలలోకే చేరుతుంది! అంచు సాళ్లను తూకంలో కలపం, పక్క పట్టీకి వేసింది వాటి వేళ్లకు అందుతుంది కాబట్టి.

కోతల హడావుడిలో ఎనిమిది పట్టీలు విడివిడిగా కోసి తూచడమంటే మా ఇంట్లోనూ విసుక్కుంటారు. కానీ పస లేని మందైనా ఒక్క జతలో గెలిచే అవకాశం సగానికి సగం. నాలుగు జతల్లోనూ అదృష్టం కొద్దీ గెలిచే అవకాశం 16లో ఒక వంతే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1910లో ఒక ఎకరం గోధుమ చేనును 500 చిన్న మడులుగా కోసి తూచారు. అన్నిటికీ చేసిన సేద్యం ఒకటే. అయినా బాగా పండిన మడిలో గింజ బరువు, అన్నిటికన్నా తక్కువ పండిన మడితో పోలిస్తే రెట్టింపుకు దగ్గరగా వచ్చింది. ఒక్క మడి పక్కన నిలబడి తీసిన ఫొటో ఏం రుజువు చేస్తుంది?

తేమ సంగతి కూడా అడగాలి. 18 శాతం తేమతో తూచిన 100 కిలోల గింజ 14 శాతానికి ఆరితే సుమారు 95 కిలోలే. పెరిగిందంటున్న దిగుబడి ఒక్కోసారి ఆ నీళ్లే.

దిగుబడి నిజంగా పెరిగినా, అది మందు ఖర్చునూ చల్లిన కూలినీ మించకపోతే మేము కొనం. మించితే మరుసటి ఏడు మళ్లీ పరీక్షిస్తాం, ఎందుకంటే వానలు బాగా కురిసిన ఏడు పనిచేసింది బెట్టలో పనిచేయకపోవచ్చు. ఈ పరీక్షలతో మాకు ఎక్కువగా కలిసొచ్చింది వాడటం మానేసిన వాటివల్లే.

తేడా ఏమీ రాలేదన్న రైతుల చేలను చూపించడానికి అమ్మకందారులెవరూ విలేకరులను పిలవరు. మీరే వెళ్లి అలాంటి కథనాలు కూడా రాయండి. ఇకపై ప్రతి కథనంలో జతలెన్ని, మందు వేయని పట్టీ తూకమెంత, తేమ ఎంత, తూచినవారు ఎవరు అన్నవి రెండు వాక్యాల్లో ఇవ్వండి. ఫొటో కాస్త చిన్నది చేస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
ఒక మహిళా రైతు