విండో సీటని డబ్బు తీసుకుని గోడ పక్కన కూర్చోబెట్టారు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: కిటికీ లేని సీటుని విండో సీటుగా అమ్మడం గురించి

నమస్కారం. జూన్‌లో లండన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి మీ బోయింగ్ 777లో వెళ్ళాను. దాదాపు పదకొండు గంటల ప్రయాణం. టికెట్ డబ్బు కాక విడిగా కట్టి రెండు నెలల ముందే విండో సీటు తీసుకున్నాను. తీరా ఎక్కి కూర్చున్నాక చూస్తే నా పక్కన ఉన్నది బూడిద రంగు ప్లాస్టిక్ గోడ.

ఆ సీటు నేను ఏదో ఒకటి అని నొక్కింది కాదు. లండన్ నుంచి పడమరకి వెళ్ళే పగటి విమానం సూర్యుడి వెంటే పోతుంది కాబట్టి దారి పొడుగునా వెలుతురు ఉంటుందని పగటి విమానమే చూసుకున్నాను. ఆ దారి ఉత్తరానికి వంగి చాలాసార్లు గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంది, ఆ దేశంలో దాదాపు 80 శాతం మంచు పలకే, నేను చూద్దామనుకున్నది దాన్నే. ఎడమ వైపు కూర్చుంటే దక్షిణం నుంచి ఎండ కళ్ళలో కొడుతుంది, అందుకని కుడి వైపు. రెక్క మీద వరుసల్లో అయితే కింద నేల కనపడదు, అందుకని రెక్క దాటి బాగా వెనక. ఇంత చూసుకుని, మీ సీట్ మ్యాప్‌లో ‘విండో’ అని రాసి ఉన్న సీటునే ఎంచుకున్నాను.

నా ముందు వరుస వాళ్ళకి ఒక కిటికీ, వెనక వాళ్ళకి ఒకటి, మధ్యలో నేను. నడుం వంచి మోకాళ్ళ మీదకి వాలితే ముందు కిటికీ అంచు వేలెడంత కనిపించేది, ఆ సీటాయన వెనక్కి వాల్చుకోగానే అదీ పోయింది. క్యాబిన్ సిబ్బందిని అడిగితే ఫ్లైట్ ఫుల్, ఇంకో విండో లేదన్నారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, వాళ్ళ మీద నాకేం ఫిర్యాదు లేదు. తెర మీద మ్యాపులో విమానం గ్రీన్‌లాండ్ తూర్పు తీరం చేరినప్పుడు ఉండబట్టలేక వెనక సీటావిడని అడిగాను. పాపం ఆవిడ లేచి ఐదు నిమిషాలు చోటిచ్చారు. అద్దాల పొరల మధ్య ఒత్తిడి సర్దడానికి చిన్న రంధ్రం ఉంటుంది కదా, దాని చుట్టూ సన్నగా మంచు పువ్వులా పేరుకుంది, దాని పక్క నుంచి నల్లటి కొండల మధ్య నీళ్ళలో తెల్లగా చెదిరిపడ్డ మంచు ముక్కలు కనిపించాయి. అంత అందం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి నిద్రపోయేవాళ్ళ కోసం షేడ్లు దించమన్నారు, అంతటితో అయిపోయింది.

తిరిగొచ్చాక రాస్తే, ‘మీరు బుక్ చేసిన సీటే ఇచ్చాం, కిటికీ ఎక్కడ వస్తుందో హామీ ఇవ్వలేం’ అని జవాబిచ్చారు. నేను ఒప్పుకోను. కిటికీలు విమానం ఫ్రేముల (గోడలో పక్కటెముకల్లా ఉండే చట్రాల) మధ్య వస్తాయి, వాటి దూరాన్ని తయారీదారు నిర్ణయిస్తాడు, సీట్ల వరుసల దూరం మీరు నిర్ణయిస్తారు, ఆ రెండూ అన్ని చోట్లా కలవవు. కొన్ని రకాల విమానాల్లో గోడలోంచి ఏసీ గొట్టం పైకి వెళ్ళే చోట అసలు కిటికీయే ఉండదు. అది తప్పని నేననడం లేదు. కానీ ఏ వరుస పక్కన కిటికీ ఉందో, ఎక్కడ గోడ ఉందో సీట్లు బిగించిన మీకు తెలియకుండా ఉండదు. తెలిసీ చెప్పకుండా విండో పేరుతో డబ్బు తీసుకున్నారు, నా కోపమంతా దాని గురించే. 2025 ఆగస్టులో సరిగ్గా ఇదే విషయం మీద అమెరికాలో రెండు పెద్ద విమాన సంస్థల మీద దావాలు పడ్డాయి. బుక్ చేసేటప్పుడే ఈ సీటుకి కిటికీ లేదని చెప్పే సంస్థలు కూడా ఉన్నాయి, కాబట్టి అది చేయలేని పనేం కాదు.

సీటు కోసం విడిగా కట్టిన డబ్బు మొత్తం నాకు వెనక్కి ఇవ్వండి, వోచర్ వద్దు. అంతకన్నా ముఖ్యంగా మీ సీట్ మ్యాప్‌లో కిటికీ లేని సీట్లు, సగం కిటికీ సీట్లు, రెక్క అడ్డొచ్చే వరుసలు స్పష్టంగా గుర్తు పెట్టండి. నిద్రపోవడానికి గోడ చాలనుకునేవాళ్ళు అవే తీసుకుంటారు.

బోర్డింగ్ పాస్, సీటు కొన్న రసీదు, కూర్చున్న చోటు నుంచి తీసిన మూడు ఫోటోలు జతచేశాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మీ ప్రయాణికుడు