సమ్మతి పత్రం చదవగలిగేలా ఉండాలి

సంపాదకుల వారికి,

మా ప్రాంతీయ ఆసుపత్రిలో క్యాన్సర్ మందుల క్లినికల్ ట్రయల్స్ (కొత్త మందును రోగులకిచ్చి పరీక్షించడం) అనగానే జనం ‘మనుషుల మీద ప్రయోగాలా!’ అంటూ కంగారు పడుతున్నారు. మా అత్తగారు కొత్త మందును పాత చికిత్సతో పోల్చి చూసే మూడో దశ ట్రయల్లో ఉన్నారు. కొత్త మందా, ఇప్పుడు వాడుకలో ఉన్న చికిత్సా అన్నది కంప్యూటర్ లాటరీలా తేలుస్తుంది, డాక్టరు ఇష్టం కాదు. ఎప్పుడైనా మానుకోవచ్చు. మనుషులపై వైద్య పరిశోధనలు చేసేటప్పుడు డాక్టర్లు పాటించాల్సిన నియమాలు చెప్పే 1964 నాటి హెల్సింకీ ప్రకటనలోనే ఆ హక్కుంది.

నా గొడవల్లా ట్రయల్లో చేరేముందు సంతకం పెట్టే సమ్మతి పత్రంతోనే. చీమ తలకాయంత అక్షరాలు! అత్తగారు కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుని, ‘నువ్వే చెప్పవే’ అన్నారు. నర్సమ్మ పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది కాబట్టి సరిపోయింది. జ్వరం వస్తే అర్ధరాత్రైనా ఎవరికి ఫోన్ చేయాలో ఆఖరి పేజీలో, అదీ అడుగున ఉంది. ఆ నంబరు మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేయించాలి.

– ఒక కోడలు