పెర్ఫ్ కౌంటర్‌కి స్పిన్‌లాక్ పెట్టకు మామా

ఒరేయ్ మామా,

లైనక్స్ కర్నెల్‌లో పెర్ఫ్ (పనితీరు కొలిచే భాగం) కౌంటర్ విలువ ఉన్నట్టుండి అడ్డదిడ్డంగా దూకుతోందని, స్పిన్‌లాక్ (దొరికేదాకా సీపీయూ తిరుగుతూ ఎదురుచూసే తాళం) పెడదామనుకుంటున్నానని రాశావు. వద్దురా! ఎక్స్86లో కౌంటర్ నిండి ఓవర్‌ఫ్లో అయితే వచ్చేది ఎన్ఎంఐ, అంటే ఆపలేని ఇంటరప్ట్. ఇంటరప్ట్‌లు ఆపేసినా అది ఆగదు. నువ్వు లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద హ్యాండ్లర్ వచ్చి అదే లాక్ అడిగిందనుకో, వదిలేవాడే ఉండడు. మెషిన్ అక్కడే బిగుసుకుపోతుంది.

అప్‌డేట్ ఫంక్షన్ తెరిచి చూడు. ముందు పాత విలువ చదువుతాం, తర్వాత హార్డ్‌వేర్ కౌంటర్ చదువుతాం. ఈ రెంటి మధ్య ఎన్ఎంఐ దూరితే అది తన లెక్క తాను కలిపేసుకుని, కౌంటర్‌ని మళ్లీ కొత్త పీరియడ్‌కి (తర్వాతి ఓవర్‌ఫ్లో దాకా లెక్కకి) పెట్టేసి పోతుంది. నీ చేతిలో పాత విలువ, చిప్‌లో కొత్త విలువ. ఇంక తీసివేతకి పొంతనెక్కడిది? అందుకే కంపేర్ ఎక్స్ఛేంజ్: పాత విలువ నువ్వు చదివినట్టే ఉంటేనే మార్చు, లేకపోతే మొదటికి వెళ్లి రెండూ మళ్లీ చదువు. కౌంటర్ 48 బిట్లదైతే, 64 బిట్ల వేరియబుల్స్‌లో ఉన్న రెండు విలువల్నీ 16 బిట్లు ఎడమకి జరిపి, తీసేసి, తేడాని తిరిగి కుడికి జరపాలి. నీ దూకుడు 2 ఘాతం 48 దగ్గర, అంటే దాదాపు 281 లక్షల కోట్లు ఉంటే అది రేస్ (ఇద్దరు ఒకేసారి తాకడం వల్ల తప్పు) కాదు, ఈ జరపడమే తప్పింది. ముందు అది చూసుకో.

ఎన్ఎంఐలోంచి నిద్రపోతున్న ఏ ప్రాసెస్‌నీ నిద్రలేపకు కూడా. ఆ పని ఐఆర్‌క్యూ వర్క్‌కి (పనిని కాసేపాగి మామూలు ఇంటరప్ట్‌లో చేసేదానికి) అప్పజెప్పు.

రింగ్ బఫర్‌లో (రికార్డులు యూజర్ ప్రోగ్రాంకి అందించే చోటు) కర్నెల్ డేటా రాసి, రైట్ బ్యారియర్ (ముందు రాతలు ముందే కనపడేలా చేసే ఆదేశం) వేసి, ఆ తర్వాతే డేటా హెడ్ (ఎక్కడిదాకా రాశామో చెప్పే గుర్తు) జరపాలి. చదివేవాడు హెడ్ చదివి, రీడ్ బ్యారియర్ వేసి, డేటా చదివి, ఫుల్ బ్యారియర్ తర్వాత టెయిల్ (ఎక్కడిదాకా చదివామో చెప్పే గుర్తు) రాయాలి. రీడ్ బ్యారియర్ మర్చిపోయినా ఎక్స్86 చాలాసార్లు కాపాడేస్తుంది. ఆర్మ్64 కాపాడదు, రికార్డులు చెత్తగా వస్తాయి.

లాక్ నిజంగా కావాల్సింది కాంటెక్స్ట్‌కి, అంటే ఒక టాస్క్ లేదా సీపీయూ ఈవెంట్లని పట్టుకుని ఉండే నిర్మాణానికి. ఈవెంట్ల జాబితా మార్చాలంటే మ్యూటెక్స్ (దొరక్కపోతే నిద్రపోయి ఎదురుచూసే తాళం), స్పిన్‌లాక్ రెండూ పట్టాలి. చదవడానికి ఏదో ఒకటి చాలు. కానీ ఈవెంట్ గ్రూపుతో పాటు వేరే కాంటెక్స్ట్‌కి మారిపోవచ్చు. మ్యూటెక్స్ దొరికాక ఈవెంట్ ఇంకా ఆ కాంటెక్స్ట్‌లోనే ఉందా అని మళ్లీ చూడాలి, లేకపోతే వదిలేసి కొత్తదాన్ని పట్టాలి. లైనక్స్ 4.0కి ముందు ఇది లేకే మామూలు యూజర్ రూట్ అయ్యే దారి పడింది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2016-6786 ఇదే.

లాక్‌డెప్ (లాక్ తప్పులు పట్టేది), కేసీశాన్ (డేటా రేస్‌లు పట్టేది) రెండూ ఆన్ చేసి, పెర్ఫ్ ఫజర్‌ని (పెర్ఫ్‌కి అడ్డదిడ్డమైన కాల్స్ పంపి పరీక్షించే ప్రోగ్రాం) రాత్రంతా వదులు. లాగ్‌లో వచ్చిన మొదటి వార్నింగ్ మాత్రమే పంపు, దాని వెనకవి చాలావరకు దాని పిల్లలే.

ఉంటానురా.